మొదట తగులుకున్న ముద్ద

హనుమంతరాయప్ప అన్నవాహికలో ఉన్నది క్యాన్సరని బెంగళూరు పెద్దాసుపత్రి డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. ఊరు ఆ కాగితం చదవలేదు. ఊరి మాట ప్రకారం అతనికి ఎవరో మందు పెట్టారు. అన్నంలో తెలియకుండా కలిపి పెట్టే మందు అది. కడుపులో గడ్డకట్టి కూర్చుని, తిన్నదాన్ని కిందికి దిగనీయదట. భార్య పోయి, పిల్లలు లేని హనుమంతరాయప్ప ఆరేళ్ళుగా తమ్ముడు అమరనాథ్ ఇంట్లో తింటున్నాడు. ఆ ఇంట్లో వండి వడ్డించేది అమరనాథ్ భార్య ధనలక్ష్మి. ఇంకేం, లెక్క తేలిపోయింది. నాలుగు నెలల కిందట రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి మందు తీసే ఆయన వచ్చి, ఆకుపసరు తాగించి, కక్కించి, గిన్నెలో పడినదాన్ని పుల్లతో కెలికి చూపించి, "ఇంట్లో ఆడమనిషి చెయ్యి" అన్నాక ఎవరికీ అనుమానమే మిగల్లేదు. ఆ రోజు హనుమంతరాయప్ప అవుననలేదు, కాదనలేదు. ధనలక్ష్మికి ఊరి మీద కోపం ఒక ఎత్తు, ఆ మౌనం మీద కోపం ఒక ఎత్తు.

అయినా బుధవారం పొద్దున ఆరు గంటలకు పొయ్యి మీద పాలు పెట్టింది ఆమే. ముందురోజే అతన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఇక నోటితో తినే మాట లేదు కాబట్టి, కడుపు మీద ఎడమ పక్క చిన్న రంధ్రం చేసి, లోపలికి సన్నటి పైపు వేసి పంపారు. వచ్చే సోమవారం కరెంటు వైద్యం, అంటే రేడియేషన్, మొదలు. నలభై మూడు కిలోలున్న మనిషి ఈలోగా నలభై రెండుకు దిగితే మాత్రం మొదలుపెట్టేది లేదని నర్సు సింధుశ్రీ ఖరాఖండిగా చెప్పింది. ఆ అమ్మాయిది వీళ్ళ పక్కనున్న పావగడే. "ఈ రోగంతో వచ్చేవాళ్ళు శానామంది రోగం కంటే ముందు ఆకలికి పడిపోతారక్కా. మీరు చేయల్సిన వైద్యం కూడు పెట్టేదే" అంది. ధనలక్ష్మికి ఆ మాట బాగా నాటుకుంది.

పాలు, పెసరకట్టు, ఉడికించిన గుడ్డు, అరటిపండు మిక్సీలో వేసి, పలచని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, వేలు ముంచి వేడి చూసి, గ్లాసు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడింది. నడవలో దిండ్లు పెట్టుకుని ఏటవాలుగా కూర్చున్నాడు హనుమంతరాయప్ప. అమరనాథ్ సోలార్ పార్కు కాపలా యూనిఫాం వేసుకుని, చేతిలో పెద్ద సిరంజితో అన్న పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రిలో నేర్పింది ఇద్దరికీ. అయినా బావ ఒంటి మీద చెయ్యి వేసే పని తమ్ముడిదే అని ఇంట్లో ఎవరూ చెప్పకుండానే ఖాయమైపోయింది. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ధనలక్ష్మి బావకు ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. చెప్పవలసింది గోడకో మేకపిల్లకో చెప్పేది, ఆయన వినేవాడు.

ఏడింటికి పార్కు బండి వస్తుంది. అమరనాథ్ తొందరలో సిరంజి వెనక నొక్కాడు. అన్న మొహం ముడుచుకుపోయి, పొట్ట మీద చేతులు పెట్టుకున్నాడు.

"తొయ్యొద్దు," అంది ధనలక్ష్మి గడప దగ్గరి నుంచి. "తోసేది కాదది, దిగల్ల."

"నా చేత కాలేదే," అన్నాడు అమరనాథ్. చెమట కారుతోంది.

ఆమె గడప దాటి వచ్చి, సిరంజి తీసుకుని మొగుడు లేచిన చోట కూర్చుంది. "బావా, చొక్కా రవ్వంత పైకి పట్టుకోండి" అంది. బావ గోడ వైపు చూశాడు. చొక్కా పైకి లేవడానికి చాలాసేపు పట్టింది. పైపు జారిందేమోనని, చర్మం దగ్గర దాని మీదున్న గీత నిన్నటి చోటే ఉందా అని చూసింది. సిరంజిలోంచి తోసే కాడ తీసేసి, ఉత్త గొట్టాన్ని పైపుకు తగిలించి, పైపును వేళ్ళతో మడిచి పట్టుకుని, ముందు గోరువెచ్చని నీళ్ళు పోసింది. మడత వదిలింది. నీళ్ళు వాటంతటవే దిగాయి. తరువాత పాలు. చెయ్యి పైకెత్తితే వేగం, దించితే నిదానం. జానెడు ఎత్తులో చెయ్యి కదలకుండా పట్టుకుంది.

హనుమంతరాయప్ప మొహంలో ముడతలు సడలాయి. తమ్ముడి వైపు తిరిగి బొంగురు గొంతుతో, "దాంట్లో ఏమేమి కలిపినారు?" అన్నాడు.

అడిగింది తమ్ముణ్ణి. గొట్టం పట్టుకున్నది మరదలు. ధనలక్ష్మి చెవులు వేడెక్కాయి. ఆ క్షణంలో అంతా అక్కడ పెట్టేసి లేచిపోదామనిపించింది. లేవలేదు. పైపు మడిచి పట్టుకుని, గ్లాసులో మిగిలిన దాంట్లోంచి ఒక గుక్క తాను తాగింది. గుటక పడటం ఆయన చూసేదాకా ఆగి, మిగిలింది గొట్టంలో పోసింది. ఆనాటి నుంచి ప్రతిసారీ అంతే. ఒక గుక్క ఆమెకు, మిగిలింది ఆయనకు.

పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా రెండు గంటలకొకసారి. తరువాత మళ్ళీ నీళ్ళు పోసి పైపు కడగడం, గంటసేపు ఆయన్ని పడుకోనివ్వకపోవడం. మరిగించి చల్లార్చిన నీళ్ళతో పైపు చుట్టూ తుడిచి తడి లేకుండా అద్దడం. తన ఎంగిలి కూడా తాను మింగలేని మనిషి కాబట్టి, ఉమ్ముకోవడానికి మూత ఉన్న స్టీలు చెంబు పెట్టి, దాన్ని పూటకు మూడుసార్లు వేడినీళ్ళతో కడగడం. ఉప్పూ సోడా కలిపిన నీళ్ళతో నోరు పుక్కిలింపించడం. పార్కులో సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి సోమవారం దాకా సెలవు పెట్టింది. క్యాలెండర్ వెనక గీతలు గీసి, పోసిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టుకుంది. ఈ మనిషి మీద తనకు ప్రేమ ఉందో లేదో ఆమెకు తెలియదు. బరువు మాత్రం తగ్గనివ్వకూడదు.

*

బుధవారం సాయంత్రం బస్సులో వై.ఎన్.హొసకోట నుంచి బోరమ్మ దిగింది. అన్నదమ్ములిద్దరికీ అక్క, తల్లి పోయాక వాళ్ళను ఎత్తుకుని తిరిగిన మనిషి. తమ్ముణ్ణి చూసి ఏడ్చింది, పైపు చూసి ఇంకా ఏడ్చింది. ధనలక్ష్మి ఇచ్చిన కాఫీ తాగకుండా పక్కన పెట్టింది.

గురువారం తెల్లవారగానే సూపర్‌వైజరు యోగీశ్ ధనలక్ష్మికి ఫోన్ చేశాడు. పార్కులో తనిఖీ ఉంది, మనుషులు చాలరు, ఒక్క పూట వచ్చిపోవాలి, లేకపోతే పేరు తీసేస్తారు. ఆరింటిదీ ఎనిమిదింటిదీ పోసి, పదింటికి పోయవలసింది వడగట్టి మూతపెట్టి, బోరమ్మకు రెండుసార్లు చేసి చూపించింది. "నీళ్ళు, ఇది, మళ్ళా నీళ్ళు. ఇంకేమీ వద్దు వదినా" అంది. బోరమ్మ తల ఊపింది.

పార్కులో పదకొండు గంటలకు టిఫిన్‌కు కూర్చున్నారు. ఆరుగురు ఆడవాళ్ళు, వరస ప్యానెళ్ళ నీడలో. ఎవరి డబ్బా తెరిచినా నాలుగు చేతులు పడటం వాళ్ళకు అలవాటు. ధనలక్ష్మి శెనక్కాయల చట్నీ డబ్బా మధ్యలో పెట్టింది. నల్లమ్మ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చి, సగంలో ఆగి, పక్కనున్న ఊరగాయ వైపు తిరిగింది. నాలుగు నెలలుగా ఇదే సంగతి. ఎవరూ ఒక్క మాట అనరు. అంటే తిరిగి అనవచ్చు. ధనలక్ష్మి తన రొట్టె తాను తిని, డబ్బా మూసి, మధ్యాహ్నం ఇంటికి వచ్చింది.

గడప దగ్గరే బోరమ్మ ఎదురైంది. "పైపులో ఏమీ దిగలేదు. పది గంటల నుంచీ అంతే."

గొట్టం అడుగున ఎర్రగా, చిక్కగా నిలిచి ఉంది. రాగి అంబలి.

"పాలు పోస్తే బలమొస్తుందా? నలభై ఏండ్లు సంగటి తిన్న కడుపది," అంది బోరమ్మ. తప్పు చేసినట్టు లేదు ఆ గొంతు. "రాగి లేకుండా మనిషి ఎట్ల నిలబడతాడు? పలచగానే కాచినా."

ధనలక్ష్మికి అరవాలనిపించింది. అరిస్తే సాయంత్రానికి ఊర్లో ఇంకో కథ తయారవుతుంది. పైపు మూసుకుపోతే పావగడ, అక్కడ కాకపోతే తుమకూరు, కొత్త పైపు, రెండు రోజులు, సోమవారం గోవిందా. చీర కొంగు బొడ్లో దోపుకుని నీళ్ళు వేడి చేసింది.

"సైకిల్ చువ్వ పెట్టి పొడిస్తే పోదా?" అంది బోరమ్మ.

"పైపు చినిగిపోతుంది వదినా. మీరు నీళ్ళు ఆరకుండా చూడండి, చాలు."

ఉన్న అంబలి వంచేసి, సిరంజికి కాడ తగిలించి, కొద్దిగా గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, రవ్వంత లోపలికి, రవ్వంత బయటికి లాగింది. కదల్లేదు. పైపును రెండు వేళ్ళ మధ్య నలుపుతూ మళ్ళీ లాగింది. నీళ్ళు లోపలే ఉంచి పది నిమిషాలు ఆగింది. మళ్ళీ. ప్యానెళ్ళ మీద పిట్టల రెట్ట ఎండిపోతే కూడా ఇంతే, గీకితే అద్దం పాడవుతుంది, నానబెట్టి ఓపిక పట్టాలి. హనుమంతరాయప్ప కళ్ళు మూసుకోకుండా ఆ వేళ్ళనే చూస్తున్నాడు. గంటన్నర గడిచాక సిరంజిలోకి నల్లటి పొట్టు ఒకటి వచ్చింది, దాని వెనకే ఎర్రటి రవ్వ. నీళ్ళు బొళుక్కుమని లోపలికి దిగాయి.

"నేనే అడిగినా," అన్నాడు హనుమంతరాయప్ప మెల్లగా. "రాగి వాసన చూసి శానా దినాలయిందని."

ఎవరితో అన్నాడో తెలియదు. ఆమె క్యాలెండర్ వెనక రెండు చుక్కల చోటు ఖాళీగా వదిలి, సింధుశ్రీకి ఫోన్ చేసి, తప్పిపోయినదాన్ని ఒకేసారి పోయకుండా ఎట్లా సర్దాలో రాసుకుంది.

బోరమ్మ మాత్రం దీన్నుంచి వేరే అర్థం తీసింది. పైపు పెట్టినా దిగలేదంటే లోపల మందు ఇంకా కూర్చునే ఉంది. సోమవారం లోపల దాన్ని కక్కిస్తే గానీ కరెంటు పెట్టినా లాభం లేదు. శుక్రవారమంతా ఫోన్లో గుసగుసలాడింది. అమరనాథ్‌కు కూడా చెప్పింది. అతను అక్క మాటకు ఎదురు చెప్పలేక, భార్య మొహం చూడలేక, డ్యూటీకి పోయాడు.

*

శనివారం పది కావస్తుండగా ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక సీటులో దుప్పటి పరిచి ఉంది. సంగతి ముందే తెలిసినట్టు నల్లమ్మా, ఎదురింటి పుట్టమ్మా వాకిట్లో నిలబడ్డారు.

"పోయి మధ్యాన్నానికల్లా వస్తాము," అంది బోరమ్మ. "మందు తీసే ఆయప్ప ఈసారి పైపులో పోసి తీస్తాడంట. లెయ్యి రాయప్పా."

"వదినా, కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అంది ధనలక్ష్మి. "నర్సమ్మ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. మనిషి ఆటోలోనే పోతాడు."

"నీకేల అంత భయం? మందు బయటపడుతుందనా?"

వాకిట్లో ఎవరో దగ్గారు. పది గంటల పాలు పోయవలసిన టైమది. ధనలక్ష్మి వచ్చి బావ పక్కన కూర్చుని, ఒక గుక్క తాను తాగి, నీళ్ళు పోసి, పాలు పోయడం మొదలుపెట్టింది. పైపు తన చేతిలో ఉన్నంతసేపు ఆయన్ని ఎవరూ లేపలేరు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తరువాత ఏం చేయాలో ఆమెకు తెలియదు, అడ్డంగా నిలబడటం తప్ప. బోరమ్మ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆటోవాడు హారన్ కొట్టాడు.

అప్పుడు ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక, మోచేత్తో స్పీకరు నొక్కింది.

"అక్కా, సింధుశ్రీ. సోమవారానికి మీ పేషెంట్ కాగితాలు నింపుతా ఉండాను. జ్వరం ఉండాదా?"

"లేదు."

"దగ్గు? పైపు చుట్టూ ఎరుపు?"

"లేవు."

"ఆయప్ప ఉండాడా? ఒక మాట ఆయప్పనే అడగల్ల. ఏమప్పా, మింగేకి మొదట కష్టమయింది ఎప్పుడు? నాలుగు నెలలని మీ తమ్ముడు చెప్పినాడు. డాక్టరు గారేమో ఇది అంతకంటే పాతది మాదిరి ఉండాదంటారు. ఈ రోగం ఒక్కతూరి రాదప్పా. ముందు గట్టివి తగులుకుంటాయి, ఆమీద మెత్తనివి, ఆమీద నీళ్ళు. సరిగ్గా యోచన చేసి చెప్పండి. మొట్టమొదట తగులుకున్నింది ఏంది?"

హనుమంతరాయప్ప చెంబు తీసుకుని ఉమ్మి, మూత పెట్టాడు. సింధుశ్రీ అవతల వేచి ఉంది. పాలు గొట్టంలో ఒక గీత దిగాయి.

"సంగటి ముద్ద," అన్నాడు చివరికి. "ఉగాదికి ముందు. ఎనిమిది నెలలయింది."

"ఇంట్లోనా?"

"కాదు. హొసకోటలో. మా అక్క మనవరాలి పుట్టెంట్రుకలకు పోయినప్పుడు. పంక్తిలో కూర్చున్నాము. రెండో ముద్ద ఈడ నిలిచిపోయింది." రొమ్ము మధ్యలో వేలు పెట్టి చూపించాడు, ఫోనుకు కనబడదన్నది మరిచిపోయి. "నాలుగు చెంబుల నీళ్ళు తాగినా. అందరూ చూస్తారని ఏమీ కానట్టు లేచి చెయ్యి కడుక్కున్నా. మా ఇండ్లలో మగోడు సంగటి నమలడమ్మా. మింగల్ల. నమిలితే నవ్వుతారు."

"ఆమీద?"

"ఆమీద ఇంటికొచ్చి, కంచం గొర్రెల దొడ్డికి ఎత్తుకుపోయి తినేవాణ్ణి. నీళ్ళలో కలుపుకుని, నమిలి. మిగిలింది కుక్కకు వేసేవాణ్ణి."

ఆ ఎండాకాలమంతా తన వంట నచ్చకే కంచం దొడ్డికి పట్టుకుపోతున్నాడని ధనలక్ష్మి కుమిలిపోయింది. ఉప్పు తగ్గించింది, కారం తగ్గించింది. ఇప్పుడు గొట్టం కదలకుండా మోచేతిని మోకాలికి ఆనించుకుంది.

సింధుశ్రీ రాసుకుని ఫోన్ పెట్టేసింది. బోరమ్మ చెయ్యి తమ్ముడి భుజం మీద నుంచి జారింది. వాకిట్లో నల్లమ్మా పుట్టమ్మా ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ఊరి లెక్క ప్రకారం మొదట తగులుకున్న ముద్ద ఎవరి వంటింట్లోదో మందు పెట్టిన చెయ్యి వాళ్ళది. ధనలక్ష్మి నాలుగు నెలలు నిలబడిన చోట బోరమ్మ అరనిమిషం నిలబడింది, అంతకే మొహం పాలిపోయింది.

"అంటే నేను పెట్టినానా రాయప్పా?"

"నువ్వు పెట్టలేదక్కా. ఎవురూ పెట్టలేదు. రోగమది." ఆయన గొంతు దాదాపు వినబడలేదు. "ఆటో పంపించెయ్యి."

బోరమ్మ తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆటో పంపింది పుట్టమ్మ.

గొట్టం ఖాళీ అయింది. ధనలక్ష్మి నీళ్ళు పోసి, పైపు మూత బిగించి, గుడ్డతో తుడిచింది. అప్పుడు తలెత్తి బావను సూటిగా చూసింది.

"ఈ మాట మందు తీసే ఆయప్ప గిన్నె చూపించిన పొద్దే చెప్పింటే?"

"సిగ్గయింది," అన్నాడు హనుమంతరాయప్ప. "ముద్ద మింగలేనని చెప్పుకునేకి సిగ్గయింది. ఆయప్ప ఇంకోరి చెయ్యి అనేసరికి, నాకు సులభమయింది." చెంబు మూత సర్ది, "తప్పయిందమ్మా" అన్నాడు.

ఆ మాటకు ఆమె మనసు కరగలేదు. కరగాలని కూడా అనుకోలేదు.

"నాకు చెప్తే సరిపోదు బావా. నా పేరు నాలుగు గోడల మధ్య పోలేదు." చెంబు తీసుకుని కడగడానికి లేచింది. "గంట దాకా పడుకోవద్దు."

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటి పాలు పోసి, గంట కూర్చోబెట్టాక, న్యాయబెలె రేషన్ అంగడికి పోదామంది ధనలక్ష్మి. మనిషి ఎక్కి నిలబడేంత పెద్ద కాటా ఊర్లో అక్కడే ఉంది, రేషన్ బియ్యం మూటలు తూచేది. సోమవారం ఆసుపత్రిలో ఏ అంకె వస్తుందో ఈ రోజే తెలుసుకోవాలి. నర్సమ్మ కొంచెం నడిపించమంది కూడా. హనుమంతరాయప్ప పంచె సర్దుకుని, పైపును చొక్కా లోపల మడిచి కట్టించుకుని బయలుదేరాడు. ఒక పక్క బోరమ్మ చెంబు పట్టుకుని నడిచింది. పొద్దున గుడ్డలో వడగట్టే పని ఆమే అడిగి తీసుకుంది.

అంగడి ముందు ఇరవై ముప్పై మంది వరసలో ఉన్నారు, వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవడానికి. చాలామంది హనుమంతరాయప్పను చూసి చాలా రోజులైంది. ఆ చెంపలూ మెడా చూసి వరస మాట మానేసింది. అంగడి నరసింహయ్య మూట దించి కాటా ఖాళీ చేశాడు. హనుమంతరాయప్ప చెప్పులు విడిచి ఎక్కాడు.

"నలభై మూడు, నాలుగు వందలు," అన్నాడు నరసింహయ్య.

ధనలక్ష్మి ఊపిరి వదిలింది. నాలుగు వందల గ్రాములు పెరిగాడు. ఎన్ని గ్లాసులు, ఎన్ని గుక్కలు, ఎంత రాగి పొట్టు. దిగడానికి చెయ్యి అందించింది. ఆయన దిగలేదు. కాటా మీదే నిలబడి వరస వైపు తిరిగాడు.

"ఒక మాట చెప్పల్ల," అన్నాడు. ఆ గొంతు వినాలంటే అందరూ దగ్గరికి రావాలి. వెనకవాళ్ళు నాలుగడుగులు ముందుకొచ్చారు. "నాకు ఎవురూ మందు పెట్టలేదు. సంగటి నాకు మొదట తగులుకున్నింది ఈ ఊర్లో కాదు, ఈ యమ్మ చేతిలో కాదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నా. దాంతో ఈ యమ్మకు పేరు పోయింది, నాకు నాలుగు నెలల వైద్యం పోయింది. ఈ వారం నా కడుపులో పడిన కూడంతా ఈ యమ్మ ముందు తాను తాగి నాకు పోసిందే. ఇంగ మీరు ఏమన్నా అనుకోవల్లంటే నన్ను అనుకోండి."

అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. బోరమ్మ చెంబు అందించింది. ఆయన ఉమ్మి, అక్క భుజం పట్టుకుని కాటా దిగాడు. ఎదురుగా ఉన్న కొందరు తమ రేషన్ కార్డులు చూసుకున్నారు. వరసలో ముందే ఉన్న నల్లమ్మ, ఎవరి మొహమూ చూడకుండా, "నరసింహయ్యా, ధనలక్ష్మికి ముందు బియ్యం వేసి పంపించు. పేషెంట్‌తో వచ్చింది" అంది.

వరస అంతా పక్కకు జరిగి దారి ఇచ్చింది. నాలుగు నెలలకు బదులు నాలుగు అడుగులు. ధనలక్ష్మి ఆ ఖాళీని చూసింది.

"నాకేమీ ముందు వద్దు నల్లమ్మా," అంది. "మధ్యాన్నం వచ్చి అందరి మాదిరే వెనక నిలబడతాను. ఇప్పుడు ఈయనకు పది గంటల పాలు పోయల్ల."

నరసింహయ్య చేత ఆ అంకె తేదీతో సహా ఒక చీటీ మీద రాయించుకుని జాకెట్లో పెట్టుకుంది. బావ చెప్పులు ఆయన కాళ్ళ ముందుకు జరిపింది. ముగ్గురూ ఎండలో మెల్లగా ఇంటి దారి పట్టారు.